తిన్నగా నడిపిస్తే తెలియదు

పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళను ఫిజియోథెరపీకి తీసుకొచ్చే ఇంటివాళ్ళు తరచూ అనే మాట ఒకటుంది: "ఇంట్లో అడుగడుక్కీ ఆగిపోతారండీ, ఇక్కడికొస్తే మాత్రం చక్కగా నడుస్తారు." కావాలని చేస్తున్నారేమోనన్న అనుమానం కూడా అందులో వినిపిస్తుంది. నాకు చాలా కష్టం కలిగించే అనుమానం అది. ఈ జబ్బులో, కదలికలు సాఫీగా సాగేలా చేసే డోపమైన్ అనే రసాయనం మెదడులో తగ్గాక నడక తనంతట తాను సాగదు, ప్రతి అడుగూ ఆలోచించి వేయాల్సి వస్తుంది. నేను ఎదురుగా నిలబడి చూస్తుంటే ధ్యాసంతా కాళ్ళ మీదే ఉంటుంది కాబట్టి అడుగులు బాగానే పడతాయి. ఇంట్లో ఫోను మోగినప్పుడు అంత ధ్యాస ఎలా ఉంటుంది?

అందుకే నేను మలుపులు చూస్తాను. టైమ్డ్ అప్ అండ్ గో అనే పరీక్షలో కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవాలి. ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకుంటాను. కానీ అసలు సంగతంతా వెనక్కి తిరిగే చోటే ఉంటుంది. తల, నడుము, కాళ్ళు అన్నీ కలిపి ఒకే దిమ్మలా తిప్పుతూ, బుల్లి బుల్లి అడుగులు ఎన్నో వేస్తారు. పాదాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోవడాన్ని ఫ్రీజింగ్ అంటాం. తిన్నగా నడిచినప్పుడు కనిపించని ఫ్రీజింగ్, నిలబడిన చోటే గబగబా కుడికీ ఎడమకీ పూర్తి చుట్టు తిరగమంటే చాలాసార్లు బయటపడుతుంది. పడిపోయే ప్రమాదం ఉంది కనుక ఇది ఇంట్లో చేయించి చూడకండి.

ఆ తర్వాత 100 లోంచి ఏడేసి తీసేస్తూ నడవమంటాను. ఒక పెద్దాయన "93, 86" అని చెప్పి, నిలబడిపోయి, "79" అన్నాక గానీ మళ్ళీ అడుగు వేయలేదు. లెక్క తప్పలేదు, నడకే ఆగింది. ఇంట్లో మాట్లాడుతూ నడిచేటప్పుడు ఆయనకు ఏమవుతుందో అప్పుడు అర్థమైంది.

ఇక మందు సంగతి. డోపమైన్ లోటు తీర్చడానికి ఇచ్చే లెవోడోపా బాగా పనిచేస్తున్నప్పటి నడక వేరు, దాని ప్రభావం తగ్గి తర్వాతి డోసు కోసం చూస్తున్నప్పటి నడక వేరు. పార్కిన్సన్స్ ఎంత తీవ్రంగా ఉందో కొలవడానికి డాక్టర్లు వాడే ఎమ్‌డీఎస్-యూపీడీఆర్‌ఎస్ స్కేలులో నడకకు, ఫ్రీజింగ్‌కు విడివిడిగా 0 నుంచి 4 వరకు మార్కులు వేస్తారు. చివరి లెవోడోపా డోసు వేసుకుని ఎన్ని నిమిషాలైందో కూడా అందులో రాయాలి. ఆ టైము లేని స్కోరును నేను పెద్దగా నమ్మను.

ఎన్నిసార్లు పడ్డారని అడిగితే చాలామంది లేదంటారు. పడబోయి గోడ పట్టుకున్న సందర్భాలు అడిగితే ఒక్కొక్కటే గుర్తొస్తాయి. మీరు వచ్చేటప్పుడు అవి కూడా చెప్పండి. గుమ్మం దగ్గరో, బాత్రూంలో తిరిగేచోటో ఆగిపోతుంటే, చేయి పట్టి లాగకండి. కాస్త నిలబడనిచ్చి, బరువు ఒక కాలి మీదకు మార్చుకుని, రెండో కాలితో పెద్ద అడుగు వేయమనండి. పక్కన మనిషి ఉన్నప్పుడు మరొకరు ఫోనులో వీడియో తీస్తే నాకు ఎంతో ఉపయోగం. అది మాత్ర వేసుకున్న ఎంతసేపటికి తీసిందో కూడా చెప్పండి.