72 పడకలు అని రాసిన పాపానికి

మెంబర్‌షిప్ సర్టిఫికెట్ నిన్ననే చేతికొచ్చింది. ఐదు నెలలు పట్టింది. ఆసుపత్రుల సంఘంలో చేరడమంటే ఫీజు కట్టి రసీదు తెచ్చుకోవడమే అనుకునే అడ్మినిస్ట్రేటర్లు నాలా ఇంకా ఉంటారని ఇది రాస్తున్నాను.

ఫారం, రిజిస్ట్రేషన్ కాపీలు, ఇద్దరు పాత సభ్యుల సంతకాలు ఒక్కరోజులో అయిపోయాయి. కేటగిరీ దగ్గరా తడబడలేదు. ఆసుపత్రికి ఇన్‌స్టిట్యూషనల్, మందులూ పరికరాలూ అమ్మేవాళ్లకి అసోసియేట్, నాబోటి ఉద్యోగికి వ్యక్తిగతం. ఓటు మాత్రం మొదటివాళ్లకే. ఫీజు పడకల లెక్కన, 50 వరకూ ఒక రేటు, దాటితే ఇంకోటి.

ఆ పడకల గడి దగ్గరే నా పరువు పోయింది. "నిండుగా రాయవయ్యా, నలుగురిలో గౌరవంగా ఉంటుంది" అన్నారు మా డైరెక్టర్ సార్. 72 అని రాశాను.

స్క్రూటినీకి పిలిచారు. బల్లకి అవతల ఏడుగురు. మధ్యలో ఉన్న పెద్దమనిషి కాగితాలు తిరగేసి, "లైసెన్సులో 50 ఉంది. మిగతా 22 ఎక్కడ పరిచారండీ?" అన్నాడు. నేను హుషారుగా అప్పజెప్పాను. డయాలసిస్ కుర్చీలు 10. "నాలుగు గంటల్లో లేచి ఇంటికెళ్లేవాడు ఇన్‌పేషెంటా?" కొట్టేశాడు. ఎమర్జెన్సీలో స్ట్రెచర్లు 6. కొట్టేశాడు. కాన్పు బల్లలు 3. "ఆ తల్లికి వార్డులో మంచం ఉంది కదా, ఆవిణ్ణి రెండుసార్లు లెక్కపెట్టారు." ఆరోగ్యంగా పుట్టిన పిల్లల ఊయలలు 5. "బిడ్డ తల్లితోనే లెక్క." చివరికి 48 తేలాయి. "మరి లైసెన్సులో మిగిలిన రెండూ?" కాళ్లు విరిగి స్టోర్ రూమ్‌లో ఉన్నాయని చెప్పక తప్పలేదు. ఏడుగురూ ఒకేసారి నవ్వారు. "ఆసుపత్రో మంచాల కొట్టో తేలేదాకా వీళ్లని అసోసియేట్‌లో ఉంచుదాం" అని ఆయనే తేల్చేశాడు.

నిజం చెప్పాలంటే ఆయన లెక్కలో తప్పు లేదు. ఆ మాట అనకుండా ఉండాల్సింది, అంతే.

తర్వాతి సర్వసభ్య సమావేశంలో నా పక్క సీటు పరుపుల కంపెనీ ప్రతినిధిది. విజిటింగ్ కార్డు ఇచ్చాడు. ఓటింగ్ మొదలవగానే మా ఇద్దర్నీ బయట కూర్చోమన్నారు. 1898లో అమెరికాలో ఇలాంటి సంఘం పెట్టుకున్నది ఆసుపత్రుల సూపరింటెండెంట్లే. 1906లో గానీ దాని పేరు అమెరికన్ హాస్పిటల్ అసోసియేషన్ కాలేదు. అంటే మొదట్లో సభ్యులం మా అడ్మినిస్ట్రేటర్లమే! ఈ సంగతి పరుపులాయనకి చెప్పాను. పాపం, విన్నాడు.

ఫారం నింపేముందు లైసెన్సులో ఉన్న పడకలు అడుగుతున్నారా, నడుస్తున్నవి అడుగుతున్నారా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. ఫోన్లో అడగొద్దు. ఆఫీసులో ఒకాయన లైసెన్సువి అన్నాడు, మర్నాడు ఇంకొకాయన నడిచేవి అన్నాడు, మూడోసారి ఫోనే ఎత్తలేదు. రాత్రి పడకలే లేని డే కేర్ సెంటర్ అయితే నియమావళి చదివాకే డబ్బు కట్టండి. ఓటు వేసే ప్రతినిధిగా సమావేశాలకి వెళ్లే మనిషి పేరే ఇవ్వండి. మేం డైరెక్టర్ గారి పేరిచ్చాం. ఆయన ఒక్కదానికీ వెళ్లరు.

మొత్తానికి సవరించిన లెక్కతో ఇన్‌స్టిట్యూషనల్ అయ్యాం, అదీ తక్కువ ఫీజుతో. సార్‌కి ఆ సంతోషం లేదు. సర్టిఫికెట్ మీద 48 అని ఉందని, దాన్ని రిసెప్షన్‌లో కాకుండా అకౌంట్స్ గదిలో తగిలించమన్నారు. ఆ రెండు మంచాలకి కాళ్లు అతికించడానికి రేపు వెల్డర్ వస్తున్నాడు.