లాటిన్‌లో కర్త లేని క్రియలు

విశాఖపట్నం వేసవిలో ఉక్క పోస్తోందని చెప్పేటప్పుడు మనకు కర్తగా కనీసం ఆ ఉక్కైనా దొరుకుతుంది. లాటిన్‌లో వాన కురుస్తోందనడానికి 'ప్లుయిత్' అనే క్రియ ఒక్కటే చాలు, కురిసేది ఏమిటో చెప్పనక్కరలేదు. ఉరుముకు 'తొనత్', మంచుకు 'నింగిత్' కూడా ఇటువంటివే. (లాటిన్ త, ద ధ్వనులు దంత్యాలు కనుక, ఇంగ్లీషు అలవాటుతో ట, డ రాయడం నాకు రుచించదు.)

అసలు ఆసక్తి మనోభావాల క్రియల దగ్గర మొదలవుతుంది. సిగ్గుకు 'పుదెత్', పశ్చాత్తాపానికి 'పయ్నితెత్', విసుగుకు 'తయ్‌దెత్' వాడతారు. వీటితో ఆ భావం కలిగిన మనిషి ద్వితీయా విభక్తిలోను, దానికి కారణమైనది షష్ఠిలోను ఉంటాయి. 'నాకు సిగ్గేస్తోంది' అని చతుర్థికి అలవాటుపడిన మనకు 'మిహి పుదెత్' అనాలనిపిస్తుంది గాని, సరైన రూపం 'మే పుదెత్', అంటే 'నన్ను'. అనుమతిని తెలిపే 'లికెత్' మాత్రం మన దారిలోనే నడిచి, 'మిహి లికెత్' అని చతుర్థినే కోరుతుంది. కాలాన్ని బట్టి పుదేబత్, పుదేబిత్, పుదుయిత్ అని మారినా, పురుష ప్రథమ పురుషగానూ వచనం ఏకవచనంగానూ నిలిచిపోతాయి.

అకర్మక క్రియను కర్మణిలో పెట్టి కర్తను పూర్తిగా తొలగించడం రెండో పద్ధతి. వెళ్లడానికి 'ఈరె' అయితే, ఎవరు వెళ్తున్నారో చెప్పకుండా వెళ్లడం జరుగుతోందనడానికి 'ఈతుర్' అంటారు. తెలుగులో 'వెళ్లబడుతోంది' అంటే వినేవారు నవ్వుతారు. గతాన్ని చెప్పేటప్పుడు క్రియాజన్య విశేషణం నపుంసక ఏకవచనంలో ఉంటుంది: 'వెంతుమ్ ఎస్త్' (రావడం జరిగింది), 'పుగ్నాతుమ్ ఎస్త్' (పోరాటం జరిగింది). ఈ రెండోదాన్ని రోమన్ సేనాని సీజర్ తన గాల్ (నేటి ఫ్రాన్స్ ప్రాంతం) యుద్ధ వర్ణనలలో వాడాడు. పోరాడినవారిని పేర్కొనాలంటే 'అబ్' అనే విభక్త్యర్థకంతో పంచమిలో చేర్చాడు.