జిప్ కవర్లో ఫోను

మొన్న ఆదివారం నార్సింగి నుంచి కొల్లూరు దాకా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ సోలార్ సైకిల్ ట్రాక్ మీద సైకిల్ తొక్కా, పైన ప్యానెళ్ల కప్పు ఉందిగా వానొచ్చినా ఫోన్‌కి ఏం కాదులే అనుకున్నా, వాన కాదు నా చెమటే కొంప ముంచింది. జెర్సీ వెనక జేబులోంచి తీసి చూస్తే కెమెరా అద్దం లోపల ఆవిరి, ఛార్జింగ్ పెడితే తడి ఉందని వార్నింగ్!! హ్యాండిల్‌కి ఫోన్ పట్టుకునే మౌంట్ పెట్టుకోరా అంటారు గానీ మా గల్లీ గతుకులకి నా పళ్లే కదుల్తాయి, పైగా మోటార్ సైకిళ్ల అదురుకి ఐఫోన్ కెమెరా దెబ్బతినొచ్చని 2021లో యాపిల్ వాళ్లే చెప్పారు, సైకిల్‌కి ఇంజిన్ లేదనుకో, అయినా భయమే. ఇప్పుడు అమ్మ దగ్గర జిప్ కవర్ కొట్టేసి అందులో పెట్టి, స్క్రీన్ ఒంటివైపు తిప్పి జేబులో వేస్తున్నా. కవర్ మీంచే టచ్ పనిచేస్తోంది. కాకపోతే కాల్ వచ్చినప్పుడల్లా అల్లం వెల్లుల్లి వాసన.