ఏడుస్తోంది కదా మేడమ్

పదకొండున్నర దాటింది. చిన్నది పడుకుంది. అత్తయ్యగారి మోకాళ్ళకి నూనె రాసి వచ్చాను. ఆయన టీవీ ముందే కునుకు తీస్తున్నారు, లేపలేదు. నాకు మాత్రం నిద్ర పట్టట్లేదు. పొద్దున్నుంచి ఒక మాట ముల్లులా గుచ్చుకుంటోంది, ఇక్కడ రాసుకుంటే గానీ వదిలేలా లేదు.

మా పసిపిల్లల వార్డులో చేరిన కొత్త నర్సమ్మాయి మాట. పోయిన నెల ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చిందని మురిసిపోతూ రాశానే, ఆ పిల్లే.

తొమ్మిదింటికి లేబర్ రూమ్ నుంచి పిలుపొచ్చింది. బిడ్డ గుండె చప్పుడు కాసేపు తగ్గిందట, ఎందుకైనా మంచిదని పసిపిల్లల వార్డు నుంచి మమ్మల్ని రమ్మన్నారు. ఇద్దరం పరుగెత్తాం. తీరా చూస్తే నెలలు నిండిన బిడ్డ, ఉమ్మనీరు తేటగానే ఉంది, బయటికి వస్తూనే కెవ్వుమంది. తల్లి పొట్ట మీద పడుకోబెట్టగానే నా చెయ్యి దానంతట అదే సక్షన్ ట్యూబు మీదికి, అదే నోట్లో ముక్కులో ఉన్నది పీల్చే గొట్టం మీదికి, పోయింది. ఇరవై రెండేళ్ళ అలవాటు. ట్యూబు బిడ్డ నోటి దాకా వెళ్ళిందో లేదో, ఆ పిల్ల నా మణికట్టు పట్టుకుంది.

"ఏడుస్తోంది కదా మేడమ్. సక్షన్ వద్దు."

మెల్లగానే అంది. కానీ గదిలో హౌస్ సర్జన్లు ఇద్దరు, ఆయా, గోడ వారగా నర్సింగ్ స్టూడెంట్లు నలుగురు ఉన్నారు. అందరూ విన్నారు. నేను ట్యూబు పక్కన పెట్టేశాను. బిడ్డని తుడిచాం, పొడిగుడ్డ కప్పాం, పని అయిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. నా చెవులు మాత్రం మధ్యాహ్నం దాకా వేడిగానే ఉన్నాయి.

నేను డ్యూటీలో చేరిన 2004లో ఆ పిల్ల పాలు తాగుతూ ఉండి ఉంటుంది. నా చేతుల మీదుగా ఎంతమంది బిడ్డలు ఊపిరి తీసుకున్నారో నాకే లెక్క తెలీదు. చెప్పాలనుకుంటే పక్కకి పిలిచి చెప్పొచ్చు కదా? చెయ్యి పట్టుకోవాలా? స్టూడెంట్ల ముందు? మధ్యాహ్నం నాకిష్టమని గోంగూర పచ్చడి తెచ్చి నా టిఫిన్ డబ్బా పక్కన పెట్టింది. వద్దన్నాను. కడుపు బాగాలేదని అబద్ధం కూడా చెప్పాను.

ఇంత కోపం దేనికా అని సాయంత్రం బస్సులో కూర్చుని ఆలోచిస్తే మా హెడ్ సిస్టర్ గుర్తొచ్చారు.

జీఎన్ఎం, అదే నర్సింగ్ డిప్లొమా, అయిపోయి నేను చేరిన మొదటి నర్సింగ్ హోమ్ అది. ఓ రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు. టార్చి వెలుగులో కాన్పు. బిడ్డ ఏడవలేదు. తుడిచాం, వీపు రుద్దాం, అరికాళ్ళు తట్టాం. ఉహూఁ. ఒళ్ళంతా నీలంగా, మెత్తటి గుడ్డలా వేలాడిపోతోంది. హెడ్ సిస్టర్ ఊపిరి అందించే బ్యాగూ మాస్కూ తీసి నా చేతిలో పెట్టారు. ఆవిడ చేస్తారనుకున్నాను. చెయ్యలేదు. నేను మాస్కు అదిమిపెట్టి నొక్కితే గాలంతా పక్కనుంచి సుయ్యిమని పోతోంది, ఛాతీ కదలట్లేదు. అప్పుడు నా వేళ్ళని ఒక్కొక్కటే పట్టుకుని సర్దారు. బొటనవేలూ చూపుడువేలూ మాస్కు మీద గుండ్రంగా, మిగతా మూడూ దవడ ఎముక కింద. "మెత్తటి చోట నొక్కకు, ఎముక మీద పెట్టు. తల మరీ వెనక్కి వాల్చకు, పువ్వు వాసన చూస్తున్నట్టు ఉండాలి." మళ్ళీ నొక్కాను. టార్చి వెలుగులో చిట్టి ఛాతీ పైకి లేచింది. ఆవిడ నా చెవి దగ్గర లెక్కపెడుతూనే ఉన్నారు: "నొక్కు, రెండు, మూడు. నొక్కు, రెండు, మూడు." ఎంతసేపో తెలీదు. బిడ్డ ముందు ముఖం చిట్లించింది, తర్వాత చిన్నగా మూలిగింది, తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. హెడ్ సిస్టర్ మాత్రం బ్యాగు కడగమని చెప్పి వెళ్ళిపోయారు.

2011లో నవజాత శిశు సురక్ష ట్రైనింగ్‌కి, అదే ఎన్ఎస్‌ఎస్‌కేకి, రెండు రోజులు వెళ్ళాను. ఆ కార్యక్రమం దేశంలో 2009లో మొదలైంది. మొదటి నిమిషమే బంగారు నిమిషం, ఊపిరి లేని బిడ్డకి ఆలోపే గాలి అందాలి, నిమిషానికి 40 నుంచి 60 సార్లు నొక్కాలి అని అక్కడ బొమ్మ మీద చేయించారు. నా వంతు వచ్చినప్పుడు ఛాతీ మొదటిసారే లేచింది. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అని ట్రైనర్ గారు అడిగితే మా హెడ్ సిస్టర్ పేరు చెప్పాను.

సక్షన్ నేర్పిందీ ఆవిడే. నోరు ముందు, ముక్కు తర్వాత. ఇంగ్లీషు అక్షరాల్లో ఎమ్ ముందు, ఎన్ తర్వాత, అలా గుర్తుపెట్టుకో అనేవారు. ముక్కు ముందు పీలిస్తే బిడ్డ ఉలిక్కిపడి గట్టిగా ఊపిరి లాగుతుంది, నోట్లో ఉన్నది లోపలికి పోతుంది. ఆ మాట తప్పకుండా ఇన్నేళ్ళూ చేశాను. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. పొద్దున ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంటే ఆవిడ చెయ్యే పట్టుకుని ఆపినట్టు అనిపించింది. అందుకే అంత కోపం.

ఇంతవరకూ రాశాక ఇంకో సంగతి గుర్తొస్తోంది. రాయకపోతే తప్పవుతుంది.

ఆవిడ చదువుకున్న రోజుల్లో బిడ్డ ఏడవకపోతే కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీసి వీపు మీద చరిచేవారట. మాకు చెప్పి, వెంటనే వేలు చూపించేవారు: "మేం తెలీక చేశాం. మీలో ఎవరైనా అలా చేస్తే ఊరుకోను." అంటే ఆవిడా తను నేర్చుకున్నది వదిలేశారు. ఎవరు చెబితే వదిలేశారో, చెప్పినవాళ్ళు ఆవిడకన్నా చిన్నవాళ్ళో పెద్దవాళ్ళో నేనెప్పుడూ అడగలేదు.

మధ్యాహ్నం ఆ పిల్ల ట్రైనింగ్ నోటుబుక్కు డెస్కు మీద ఉంటే తిరగేశాను. పెన్సిల్‌తో బొమ్మలు వేసుకుంది, కింద తెలుగులో రాసుకుంది. ఏడుస్తున్న బిడ్డకి ఊరికే సక్షన్ పెట్టొద్దు, గొంతు వెనక తగిలితే గుండె వేగం పడిపోవచ్చు, ఊపిరి ఆలస్యం కావచ్చు. ఏదైనా కనిపించేలా అడ్డుపడితేనే పెట్టాలి. ఉమ్మనీట్లో మలం కలిసి బిడ్డ డీలాగా ఉన్నా సరే, అలవాటుగా గొంతులోకి గొట్టం దింపి లాగడం వద్దని 2015లోనే మార్చారు, ముందు గాలి అందించడం చూడాలి. 2015! ఇన్నేళ్ళుగా నాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదేం?

అసలు కోపం ఇక్కడ పడాలి. ఆ పిల్లకి నాలుగు రోజులు క్లాసు, తర్వాత పెద్ద సెంటర్‌లో రెండు వారాలు పక్కన నిలబడి నేర్చుకునే అవకాశం దొరికాయి. లిస్టు వేసినప్పుడల్లా సీనియర్లకెందుకు, వాళ్ళకన్నీ తెలుసు అంటారు. 2011 తర్వాత నేను వెళ్ళినవన్నీ ఒక్క పూట మీటింగులే. స్లైడ్లు చూపిస్తారు, టీ బిస్కెట్లు ఇస్తారు, సంతకం పెట్టించుకుంటారు. సర్టిఫికెట్ వస్తుంది, రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఆ గంటలు లెక్కకొస్తాయి. చేతికి మాత్రం ఏమీ రాదు. ఇది వేళ్ళతో నేర్చుకునే చదువు. నొక్కుతూ ఉంటేనే గుర్తుంటుంది. సాధన చెయ్యడానికని మా వార్డుకిచ్చిన బొమ్మ ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా ఆఫీసు బీరువాలో ఉంది. పోతే ఎవరు లెక్క చెప్పాలని తాళం వేశారు.

దానికి తోడు సాయంత్రం డ్యూటీ లిస్టు వచ్చింది. ఒకటో తారీకు నుంచి ఆ పిల్లకి మెడికల్ వార్డు! కాంట్రాక్టు పిల్ల, ఎక్కడ వేస్తే అక్కడికి పోవాలి. పద్దెనిమిది రోజులు నేర్పించి, నెల తిరక్కుండా పెద్దవాళ్ళ బీపీలు చూడమని పంపుతున్నారు. ఇవాళ మా దగ్గర పన్నెండు పడకల్లో పంతొమ్మిది మంది పిల్లలున్నారు. ఇలా ఎవరు ఆలోచిస్తారో, ఎందుకు ఆలోచిస్తారో నాకు అర్థం కాదు.

మంచి సంగతి ఒకటుంది, మర్చిపోయేదాన్ని. 1180 గ్రాములతో మా వార్డుకి వచ్చిన బుజ్జిది 1720 గ్రాములై ఇంటికెళ్ళింది. వాళ్ళమ్మ గుండెల మీంచి దించకుండా, ఒంటికి ఒళ్ళు ఆనించి వెచ్చగా ఉంచే కంగారూ కేర్ ఇచ్చింది. అందరికీ కోవా బిళ్ళలు పంచింది.

స్టూడెంట్లు వచ్చిన ప్రతిసారీ నేను చెప్పే కథ ఒకటుంది, పుట్టిన పిల్లల కామెర్లు తగ్గించే లైటు దగ్గర నిలబెట్టి చెబుతాను. 1956లో ఇంగ్లండ్‌లో రోచ్‌ఫర్డ్ ఆసుపత్రి. నెలలు నిండని పిల్లల వార్డు చూసే సిస్టర్ వార్డ్, ఎండ బాగున్న రోజుల్లో బిడ్డల్ని బయటికి తీసుకెళ్ళేది. ఓ రోజు డాక్టర్లు రౌండ్స్‌కి వస్తే కాస్త జంకుతూనే ఒక బిడ్డ ఒళ్ళు చూపించింది. దుప్పటి కప్పిన చోట పచ్చగానే ఉంది, ఎండ తగిలిన చోట పచ్చదనం తగ్గింది. డాక్టర్లు మొదట ఏదో మందు పూశారనుకున్నారు. కానీ తర్వాత దాని వెంటపడి, 1958లో కాంతితో వైద్యం సంగతి ప్రచురించారు. ఇవాళ మా దగ్గర వెలుగుతున్న మూడు లైట్లూ ఆ సిస్టర్ చూపు నుంచి వచ్చినవే. కాబట్టి మీ కంటికి కనిపించింది పైవాళ్ళకి చెప్పడానికి భయపడకండి అని పిల్లలకి చెబుతాను. పొద్దున గోడ వారగా నిలబడ్డ ఆ నలుగురికీ పోయిన వారమే చెప్పాను. ఆ మాట నమ్మినట్టు చేసింది మా కొత్తమ్మాయి ఒక్కతే, నేను దాని పచ్చడి కూడా ముట్టుకోలేదు.

పదింటికి మెసేజ్ పెట్టింది: "మేడమ్, తప్పుగా అనుకోకండి." ఇప్పటిదాకా జవాబివ్వలేదు. ఇప్పుడే రాశాను. రేపు అరగంట ముందు రా. బీరువా తాళం నేను అడిగి తీసుకుంటాను, స్టూడెంట్లని కూడా పిలుస్తాను, వాళ్ళతో పాటు నాకూ మొదటి నుంచి చెప్పు. పచ్చడి మిగిలితే తీసుకురా. డ్యూటీ లిస్టు సంగతి మేట్రన్ గారితో నేను మాట్లాడతాను.