ఎరువు అప్పుకి పూచీ ఎవరు?

పలమనేరులో మా మామ టమాటా నాటే ముందు ఎరువుల అంగడికి పోతే చేతిలో డబ్బు లేకపోయినా ఫర్వాలేదు. ఖాతా పుస్తకంలో పేరు కింద డీఏపీ రెండు మూటలని రాసుకుంటారు, కాయ మార్కెట్‌కి పోయినాక లెక్క తేల్చుకుంటారు. ఆ అంగడాయనకి డిస్ట్రిబ్యూటర్ అప్పిస్తాడు, డిస్ట్రిబ్యూటర్‌కి కంపెనీ ఇస్తుంది. పైన ఒకరు ఇవ్వనంటే కింద అందరికీ టెన్షనే.

ఆఫ్రికాలో చాలా చోట్ల ఇబ్బంది అక్కడే. 2006లో నైజీరియా రాజధాని అబుజాలో ఆఫ్రికా దేశాలన్నీ కూర్చుని, హెక్టారుకి సగటున 8 కిలోలున్న ఎరువు పోషకాల వాడకాన్ని 2015కల్లా 50 కిలోలకి పెంచాలనుకున్నాయి (పెరగలేదు లెండి). ఆ తీర్మానంలోంచే ఆఫ్రికా ఫర్టిలైజర్ ఫైనాన్సింగ్ మెకానిజం అనే ఎరువుల నిధి పుట్టింది, ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకు దాన్ని నడుపుతోంది. టాంజానియా, నైజీరియా లాంటి చోట్ల అది రైతుకి నేరుగా డబ్బివ్వకుండా పూచీ ఉంటుంది, అంటే అరువు మీద సరుకు తీసుకున్న డిస్ట్రిబ్యూటర్ ఎగ్గొడితే సరఫరాదారు నష్టంలో కొంత భరిస్తుంది.

కొంతే, మొత్తం కాదు. నాకు నచ్చింది ఇదే. మొత్తం భరిస్తామంటే ఎవడికి ఇస్తున్నారో చూడకుండా లారీలు దింపేస్తారు. కానీ ఈ పూచీ పైమెట్లకే. వాన పడక మొక్కజొన్న ఎండిపోతే ఆ రైతుకి పంట బీమా విడిగా ఉండాల్సిందే.