గ్లూకోజ్ అయిపోయాక 40 నిమిషాలు

మా నాయన షుగర్ మిషన్ పది రోజులు తిరుపతిలో నా హాస్టల్ బ్యాగులో ఉంది. ఆ పది రోజులూ ఆయన పలమనేరులో మందుల షాపుకు పోయి చూపించుకున్నాడు. ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ ప్రాజెక్టుకు గ్లూకోమీటర్ ఎందుకని అడిగినవాళ్ళు చాలామందే ఉన్నారు. అందుకని మొదటినుంచీ రాస్తున్నా.

నాకొచ్చిన టాపిక్ వినడానికి చాలా చిన్నది. ఒకే ఫ్లాస్కులో ఈ.కోలై బ్యాక్టీరియాకు గ్లూకోజ్, లాక్టోజ్ అనే రెండు చక్కెరలూ పెట్టాలి. ఏది ముందు తింటుందో, ఒకదాని నుంచి ఇంకోదానికి ఎలా మారుతుందో చూపించాలి. పక్క బల్లమీద నానో పార్టికల్స్, క్యాన్సర్ కణాలు అంటుంటే నాకు డిగ్రీ ప్రాక్టికల్ ఇచ్చినట్టు అనిపించింది. గైడ్ మేడం మాత్రం, "ముందు ఆ మెట్టు నీ కర్వ్‌లో కనపడనీ అమ్మా, ఆ రోజు మాట్లాడదాం" అన్నారు.

ఆ మెట్టును ఫ్రెంచ్ శాస్త్రవేత్త జాక్ మోనో 1941లో పారిస్‌లో తన డాక్టరేట్ థీసిస్‌లో చూపించాడు. ఊరు జర్మన్ సైన్యం చేతిలో ఉన్న రోజులవి. కొన్ని చక్కెరల జతల్ని కలిపి ఇస్తే బ్యాక్టీరియా కొంతసేపు పెరిగి, ఆగి, మళ్ళీ పెరిగేది. పెరుగుదలను గీతగా గీస్తే ఆ ఆగడమే మెట్టులా కనపడుతుంది. రెండుసార్లు పెరగడం కాబట్టి డయాక్సీ అని పేరు పెట్టాడు. నాకైతే ఇందులో వింతేమీ కనపడలేదు. మా ఇంట్లో వరన్నం ఉన్నంతసేపూ మా తమ్ముడు సంగటి ముద్ద వైపు చూడడు. అన్నం అయిపోయిందంటే ఒక అరగంట మూతి ముడుచుకుని కూర్చుని, తర్వాత తనే వచ్చి తింటాడు.

మొదటిసారి తెలివితక్కువగా, బ్యాక్టీరియాను పెంచడానికి మామూలుగా వాడే న్యూట్రియెంట్ బ్రాత్‌లోనే రెండు చక్కెరలూ కలిపేశాను. గీత నేరుగా పైకి పోయింది, మెట్టూ లేదు గిట్టూ లేదు. ఆ బ్రాత్‌లో పెప్టోన్ అనే ప్రోటీన్ ముక్కలు ఉంటాయి, మాంసం సారం ఉంటుంది. పెళ్ళి విందులో కూర్చోబెట్టి, అన్నం అయిపోతే ఏం చేస్తాడో చూద్దామంటే ఎట్లా? ఆ రెండు చక్కెరలు తప్ప తినడానికి ఇంకేమీ ఉండకూడదు. అందుకని ఫాస్ఫేట్, అమ్మోనియం క్లోరైడ్, కాస్త మెగ్నీషియం లాంటి లవణాలు మాత్రమే ఉండే ఎం9 మీడియం చేసుకున్నా. చక్కెరల్ని విడిగా స్టెరిలైజ్ చేసి చివర్లో కలిపాను, అన్నీ కలిపి ఆటోక్లేవ్‌లో పెడితే గ్లూకోజ్ రంగు మారిపోతుంది. లాక్టోజ్ 0.2 శాతం, గ్లూకోజ్ 0.05 శాతమే. గ్లూకోజ్ ఎక్కువ పోస్తే అది అయిపోయేలోపు హాస్టల్ గేటు వేసేస్తారు.

రెండోసారి గీత ఆగింది! ఓడీ, అంటే బ్యాక్టీరియా పెరిగి మీడియం ఎంత మసకబారిందో చెప్పే అంకె, 0.5 దగ్గర నిలబడిపోయింది. రూమ్‌మేట్‌కు ఫోన్ చేసి మరీ చెప్పాను. గంటయింది, రెండు గంటలయింది, అంకె కదల్లేదు. పొద్దున పోయి చూసినా 0.5. లాక్టోజ్ పాతదేమో, లవణాలు తప్పుగా తూచానేమో అని నాలుగు రోజులు అన్నీ మళ్ళీ మళ్ళీ చేశాను. చివరికి ల్యాబ్ అటెండర్ అన్న అడిగాడు: "ఏ డబ్బాలో కల్చర్ తీసినావు మా? పచ్చ మూతదా? అది క్లోనింగ్ వాళ్ళది గదా."

మెకాంకీ అగర్ ప్లేటు మీద గీసి చూస్తే తేలిపోయింది. లాక్టోజ్ తినే ఈ.కోలై ఆ ప్లేటు మీద గులాబీ రంగులో వస్తుంది. నావి నీళ్ళ చుక్కల్లా తెల్లగా వచ్చాయి. క్లోనింగ్‌కు వాడే చాలా ఈ.కోలై స్ట్రెయిన్లలో (రకాల్లో), లాక్టోజ్‌ను విరిచే ఎంజైమ్ తయారుచేసే లాక్‌జెడ్ జీన్‌లో ఒక ముక్క కావాలనే తీసేసి ఉంటారు, కొత్త జీన్ చేరిన కాలనీల్ని రంగుతో గుర్తుపట్టే బ్లూ-వైట్ స్క్రీనింగ్ కోసం. అంటే పాపం వాటి ముందు లాక్టోజ్ ఉంది, విరగ్గొట్టుకునే ఎంజైమ్ లేదు. నేను రాత్రంతా వాటిని పస్తు పెట్టి, మారతాయని ఎదురుచూస్తున్నా.

సరైన స్ట్రెయిన్‌తో మూడోసారి చేసినప్పుడు అరగంటకొక రీడింగ్ తీసుకుంటూ, మధ్యలో మెస్‌కు పోయొచ్చాను. మెట్టు సరిగ్గా నేను సాంబారన్నం తినేటప్పుడు వచ్చి పోయినట్టుంది. గీతలో చిన్న వంకర తప్ప ఏమీ మిగల్లేదు.

దీనికితోడు ఏప్రిల్ వచ్చేసింది. ఫ్లాస్కుల్ని ఊపే మా షేకర్ వేడి చేయగలదు కానీ చల్లబరచలేదు. మధ్యాహ్నం గదే 39 డిగ్రీలుంటే అది నాకు కావలసిన 37 దగ్గర ఎలా నిలబడుతుంది? అందుకని నాలుగోసారి పొద్దున 6 గంటలకు మొదలుపెట్టాను. అటెండర్ అన్న కరకంబాడి నుంచి బైకు మీద వచ్చి తాళం తీశాడు. రాత్రే గ్లూకోజ్‌లో పెంచుకున్న కల్చర్‌ను ఓడీ 0.05 దగ్గర వేశాను.

షుగర్ మిషన్ పని ఇక్కడే. గీత ఆగితే సరిపోదు, గ్లూకోజ్ అయిపోయినందుకే ఆగిందని చూపించాలి. డీఎన్‌ఎస్ అని చక్కెరల్ని కొలిచే రియేజెంట్ ఉంది కానీ, అది గ్లూకోజ్‌కూ లాక్టోజ్‌కూ రెంటికీ రంగిస్తుంది కాబట్టి పనికిరాదు. మా గ్లూకోమీటర్ స్ట్రిప్పులో ఉండే గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ గ్లూకోజ్‌నే పట్టుకుంటుంది. పైగా 0.05 శాతం అంటే డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు, మిషన్ చదవగలిగే అంకే. అది రక్తానికి చేసిన మిషన్ కాబట్టి నా మీడియంలో 61 చూపించింది. పర్వాలేదు, నాకు కావలసింది తగ్గుతున్నదా లేదా అన్నదే.

8 గంటలకు 52, 9 గంటలకు 38. అక్కడినుంచి పది నిమిషాలకొకసారి ఓడీ చూశాను. 9.30కి 0.51, 9.40కి 0.57, 9.50కి 0.58, 10 గంటలకు 0.58. స్ట్రిప్పు మీద చుక్క వేశాను. మిషన్ ఐదు అంకెలు లెక్కపెట్టుకుని "లో" అని చూపించింది. ఇంట్లో ఆ మాట కనపడితే అందరికీ టెన్షన్, నేను మాత్రం ల్యాబ్‌లో గట్టిగా అరిచినంత పని చేశాను.

ఓడీ 0.58 దగ్గరే 40 నిమిషాలు ఉంది. కానీ లోపల పని జరుగుతూనే ఉంది. ప్రతి శాంపిల్‌లో ఒక చుక్క టోలుయీన్ అనే ద్రావకం వేస్తే కణాల పొరకు చిల్లులు పడతాయి. తర్వాత ఓఎన్‌పీజీ అనే రంగులేని పదార్థం కలపాలి. లాక్టోజ్‌ను విరిచే బీటా-గెలాక్టోసిడేజ్ ఉంటే అది పసుపు రంగుకు తిరుగుతుంది. 9 గంటల ట్యూబు నీళ్ళలా ఉంది. 10 గంటలది నిమ్మరసం కలిపిన నీళ్ళలా. 10.20ది పలచని పసుపు నీళ్ళు. 10.40ది చిక్కటి పసుపు, అదే రీడింగ్‌లో ఓడీ 0.60కి కదిలింది. నాలుగు ట్యూబుల్నీ వరసగా స్టాండులో పెట్టి కిటికీ దగ్గర ఫోటో తీసుకున్నా, వెనకాల శేషాచలం కొండ కూడా పడింది. రికార్డులో అతికించిన వాటిల్లో నాకు నచ్చింది ఆ ఒక్కటే.

మేడం అన్నమాట ప్రకారం ఆ రోజు సాయంత్రం కూర్చోబెట్టుకుని మాట్లాడారు. లాక్టోజ్ జీన్లు పనిచేయకుండా డీఎన్‌ఏ మీద లాక్ రిప్రెసర్ అనే ప్రోటీన్ అడ్డంగా కూర్చుని ఉంటుంది, లాక్టోజ్ లోపలికొస్తే అందులో కొంత అల్లోలాక్టోజ్‌గా మారి దాన్ని లేపుతుంది. రిప్రెసర్ అడ్డం ఉంటుందన్న మూల ఆలోచన జాకబ్, మోనో 1961లో చెప్పిందే. 1965లో వాళ్ళిద్దరికీ, ఆంద్రె ల్వోఫ్‌కూ నోబెల్ వచ్చింది. ఇంతవరకు నాకూ తెలుసు. మేడం అడిగింది వేరు: "లాక్టోజ్ లోపలికి రావడానికి పర్మియేజ్ అనే గేటు కావాలి. లాక్టోజ్ వస్తేగానీ పర్మియేజ్ తయారవదు. మరి మొదటిది ఎలా వచ్చింది?" రిప్రెసర్ అప్పుడప్పుడు జారిపోతుందట, ఆ సందులో ఒకటో రెండో పర్మియేజ్‌లు తయారై ఉంటాయి. గ్లూకోజ్ ఉన్నంతసేపు వాటినీ పనిచేయనివ్వదు. గ్లూకోజ్‌ను లోపలికి లాగే యంత్రాంగంలోని ఒక ప్రోటీన్, ఫాస్ఫేట్ పోగొట్టుకుని వచ్చి పర్మియేజ్‌ను పట్టుకుని గేటు మూసేస్తుంది.

పుస్తకంలో నేను చదివింది ఇంకోటి: గ్లూకోజ్ ఉంటే సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత అణువు తగ్గుతుంది, అందుకే జీన్ పనిచేయదు అని. అది అబద్ధం కాదు. కానీ గ్లూకోజ్ మీద పెరిగే కణంలోనూ, లాక్టోజ్ మీద పెరిగే కణంలోనూ అది ఇంచుమించు ఒకే మోతాదులో ఉంటుందని 1996లో జపాన్ పరిశోధకులు చూపించారు. అంటే ఈ రెండు చక్కెరల దగ్గర అసలు అడ్డం గేటే. మనకు పరీక్షల్లో పది మార్కులకు వచ్చే బొమ్మలో ఆ గేటు చాలాసార్లు ఉండనే ఉండదు. నాకది ఇప్పటికీ కోపమే.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ ఒకే ప్రశ్న మీద నిలబడ్డారు: "అన్ని బ్యాక్టీరియాలూ గ్లూకోజే ముందు తింటాయామ్మా?" తినవు సార్ అన్నాను. సూడోమోనాస్ అనే బ్యాక్టీరియాకు సక్సినేట్ లాంటి ఆమ్లాలు ముందు, గ్లూకోజ్ తర్వాత. యోగర్ట్ తోడులో వాడే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ గ్లూకోజ్ కంటే లాక్టోజ్‌నే ఇష్టపడుతుంది, పాలల్లో ఉండేది అదే కదా. ఆయన తలూపి రికార్డు మూసేశారు.

సెలవుల్లో ఇంటికి పోయి మిషన్ ఇచ్చాను. 25 స్ట్రిప్పుల డబ్బాలో ఆరే మిగిలాయి. నాయన వాటిని లెక్కపెట్టి, మిషన్ మెమరీ నొక్కి చూశాడు.

"ఇదేంది, లో అని వచ్చింది?"

"అది నా బ్యాక్టీరియాలది నాయనా."

"లో వస్తే ఎంటనే ఏమన్నా తినిపీయల్ల గదా!"

"ఎదురుగానే పెట్టినా. 40 నిమిషాలు ఆలోచించుకుని తిన్నాయి."