అమ్మ, నేను, గ్రేవ్‌డిగ్గర్స్

శనివారం. పొద్దున ఎండ కాసిందని అమ్మని గ్లాస్నెవిన్‌లో బొటానిక్ గార్డెన్స్‌కి తీసుకెళ్ళాను. డబ్లిన్ ఎండని నమ్మి గొడుగు ఇంట్లో వదిలేసే జబ్బు ఆరేళ్ళయినా నాకు తగ్గలేదు.

ఆ తోటలోంచి ఒక గేటు దాటితే పక్కనే సమాధుల తోట. అమ్మ పూలు చూసుకుంటూ నడిచి, నాలుగు శిలువలు కనబడ్డాక ఆగిపోయింది. "ఎక్కడికి తెచ్చావురా నన్ను?" కాథలిక్కులకు తమవాళ్ళని తమ పద్ధతిలో పూడ్చుకోవడానికి సొంత చోటు లేని రోజుల్లో డేనియల్ ఓకానెల్ అనే ఐర్లండ్ నాయకుడు పట్టుబట్టి పెట్టించాడనీ, 1832 నుంచీ ఏ మతం వాళ్ళకైనా చోటిస్తున్నారనీ చెప్పాను. ఇక్కడ ఉన్నవాళ్ళు పదిహేను లక్షల దాకా, ఊళ్ళో బతికున్నవాళ్ళకంటే ఎక్కువ అన్నాను. ఆ లెక్క చెప్పకుండా ఉండాల్సింది. కొంగు నిండుగా కప్పుకుని "పద, పద" అంది.

అప్పుడే వాన. పరిగెత్తి దూరగలిగింది ఒక్కచోటే. ప్రాస్పెక్ట్ స్క్వేర్‌లో, సమాధుల తోట పాత గేటుని ఆనుకుని, జాన్ కావనా పబ్బు. ఆ పేరుతో ఎవరూ పిలవరు. గ్రేవ్‌డిగ్గర్స్ అంటారు, అంటే గోతులు తవ్వేవాళ్ళ పబ్బు. 1833లో పెట్టారు, శ్మశానం తెరిచిన మరుసటేడే. వ్యాపారం తెలిసిన మనిషి! ఇప్పటికీ ఆ కుటుంబానిదే. గోతులు తవ్వేవాళ్ళు అవతలి నుంచి గోడ మీదికి గులకరాళ్ళు విసిరితే లోపలివాళ్ళకి సంగతి అర్థమై బీరు అందించేవాళ్ళట. ఎంత నిజమో గానీ, ఆ గోడ చూస్తే నమ్మాలనిపిస్తుంది.

"ఇది బ్రాందీ షాపు కదూ?" అంది అమ్మ గుమ్మంలో. "హోటల్ లాంటిదేనమ్మా" అన్నాను. అబద్ధం కాదు, కాడల్ అనే సాసేజీల పులుసు పెడతారు. అమ్మకి అదీ పనికిరాదనుకోండి.

లోపల టీవీ లేదు, పాటలు లేవు. అరిగిపోయిన చెక్క నేల, పొగ చూరి బెల్లం రంగుకి తిరిగిన గోడలు, మధ్యమధ్య చెక్క అడ్డాలు. పబ్బుల్లో సిగరెట్ 2004లోనే ఆపేశారు, గోడలకి మాత్రం ఆ సంగతి ఇంకా తెలియదు. వినబడేది మాటలే. పక్క బల్ల దగ్గర నల్ల సూట్లలో ఎనిమిది మంది, ఎవరినో సాగనంపి నేరుగా వచ్చినట్టున్నారు. ఒకాయన ఏదో చెబుతుంటే అందరూ పగలబడి నవ్వుతున్నారు. "స్నానం చెయ్యకుండానే?" అంది అమ్మ మెల్లగా. మనవైపు అయితే కాళ్ళు కడుక్కోందే గడప తొక్కనివ్వరు.

రెండు లెమనేడ్‌లు చెబుదామని వెళితే కౌంటర్‌లో ఆయన నన్ను చూసి, అడక్కుండానే గిన్నెస్ అనే నల్ల బీరు గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. నేను కళ్ళతో అమ్మ వైపు చూపించాను. పాపం, వెంటనే గ్లాసు కింద పెట్టేశాడు.

సూట్ల వాళ్ళకి మాత్రం వరసగా పెద్ద గ్లాసుల్లో, అంటే పైంట్లలో, గిన్నెస్ పోస్తున్నాడు. గ్లాసు ఏటవాలుగా పట్టి ముప్పావు నింపి, పక్కన పెట్టి వదిలేస్తాడు. గోధుమరంగు మబ్బు అంచుల వెంట కిందికి జారుతూ, అడుగు నుంచి నల్లబడుతూ వస్తుంది. తేరుకున్నాక మళ్ళీ నింపుతాడు. మొత్తం 119.5 సెకన్లు పట్టాలని కంపెనీ లెక్క. అమ్మ రెప్ప వెయ్యకుండా చూసి, "డికాషన్ దిగుతున్నట్టే ఉంది" అంది. తర్వాత, నావైపు చూడకుండా, "ఆయనకి నువ్వు బాగా తెలుసులా ఉందే" అంది.

వాన ఎప్పుడు తగ్గిందో గమనించలేదు.

ఇంటికి రాగానే ఇద్దరికీ తలస్నానం. రాత్రి పిన్నితో ఫోన్‌లో చెబుతోంది: "పూలతోట చూశాం, వానొస్తే ఒక నిమ్మసోడా కొట్టులో కూచున్నాం."